పదకొండో నంబరు సెల్

మాసన్ లేక్స్‌లో ద్వారకానాథ్ గారి ఇల్లెక్కడండీ అని అడిగితే తెల్లమొహం వేస్తారు. బ్యాటరీ అంకుల్ ఇల్లు అనండి, లేక్ చుట్టూ వాకింగ్ చేసే తెలుగువాళ్లు ఎవరైనా సరే దగ్గరుండి తీసుకెళ్లి గుమ్మం ముందు దింపుతారు. అంత పేరు. ఆ పేరే ఆయన కొంప ముంచింది. కాదు కాదు, ఆయన కొంప నిక్షేపంలా ఉంది. మునిగింది ఇంకొకావిడది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. కాకినాడ మనిషి. ముప్పై ఏళ్ల కిందట ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వచ్చి, ఇక్కడే టెక్నాలజీ పార్కులో ఒక కంపెనీలో టెస్ట్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. టెస్ట్ ఇంజనీరంటే ఏం లేదు, ఎవరో తయారుచేసిన వస్తువు వాళ్లు చెప్పినంత పనీ చేస్తుందా, లేక కోతలు కోస్తోందా అని తేల్చే పని. రిటైరయ్యాక తేల్చడానికి ఏమీ దొరక్క బ్యాటరీల మీద పడ్డారు.

దానికి మూలం స్కానర్. చూడ్డానికి చేతిలో పట్టే రేడియోలాగే ఉంటుంది గానీ అందులో పాటలు రావు. విమానాల వాళ్లు, ఫైర్ బండ్ల వాళ్లు తమలో తాము మాట్లాడుకునే మాటల్ని వెతికి పట్టుకుని వినిపిస్తుంది. పక్కనే పారాఫీల్డ్ ఎయిర్‌పోర్టు. పొద్దస్తమానం విమానం నేర్చుకునే పిల్లలు నెత్తిమీద చక్కర్లు కొడుతుంటారు. ఈయన పెరట్లో కుర్చీ వేసుకుని, టవర్ వాళ్లు ఆ పిల్లల్ని బుజ్జగించి కిందికి దింపే మాటలు వింటూ కాఫీ తాగుతారు. ఆ స్కానర్‌కి నాలుగు పెన్సిల్ సెల్లు కావాలి. పొద్దున వేస్తే మధ్యాహ్నానికి మటాష్. అలా మొదలైంది పిచ్చి.

ఎవరింట్లో బార్బీ, అదే పెరట్లో బార్బెక్యూ విందు, జరిగినా, చేతిలో ప్లేటు పెట్టి పెట్టగానే ఆయన పాఠం మొదలెట్టేవారు. "సెల్లులో వాడి పారేసేవి ఒక జాతి, ఛార్జ్ చేసుకునేవి ఇంకో జాతి. ఛార్జ్ చేసేవాటిలో పాతరకంవి ఉత్తినే కూర్చున్నా నీరసపడతాయి, నెల తిరిగేసరికి ఒంట్లో సత్తువుండదు. కొత్తరకంవి ఏడాది పక్కన పెట్టినా ఛార్జి పట్టుకుని కూర్చుంటాయి." పవర్ బ్యాంక్ తగిలిస్తే పోలేదా అంకుల్ అని ఎవరైనా కుర్రాడు అన్నాడో, వాడి పని అయిపోయినట్టే. "తగిలించు నాయనా. నీ ఫోన్ తాగినంత కరెంటు రేడియో తాగదు. ఎవరూ లేరనుకుని నీ పవర్ బ్యాంక్ ముసుగు తన్ని పడుకుంటుంది. అప్పుడు తెలుస్తుంది." చివరికి వేలు పైకెత్తి అసలు మాట చెప్పేవారు. "పాతదీ కొత్తదీ కలపొద్దు. నాలుగింట్లో ఒక్కటి చచ్చుదైతే మిగిలిన మూడూ దాంతోపాటే పడకేస్తాయి. గ్రీన్ లైట్ వెలిగింది కదా అని మురిసిపోవద్దు. ముసలి సెల్‌కి కూడా గ్రీన్ లైట్ వెలుగుతుంది."

చెప్పడానికేం, శ్రీరంగ నీతులు ఎన్నయినా చెప్తాం. ఆయన దగ్గర ప్రతి సెల్ మీదా మార్కర్‌తో నంబరు ఉంటుంది. ప్రతి నంబరుకీ నోటుబుక్కులో ఒక పేజీ. ఏ నెల ఎంత పట్టుకుంది, ఎంతసేపు నిలిచింది, అంతా తారీఖులతో సహా ఉంటుంది. ఫలానా నంబరు పనికిరాదు అని తన చేత్తో రాసుకుంటారు. రాసుకుని మళ్లీ దాన్ని డ్రాయర్లోనే పెడతారు. పారేయడానికి ప్రాణం ఒప్పదు. గోడగడియారానికి పనికొస్తుంది, రిమోట్‌కి పనికొస్తుంది అంటారు. ఇంట్లో ఎన్ని గడియారాలున్నాయండీ అని భార్య కళావతి అడుగుతుంది. ఆ డ్రాయర్‌కి ఆవిడ పెట్టిన పేరు వృద్ధాశ్రమం.

ఇక శ్యామసుందరి గారి సంగతి. ఆవిడ డాక్టరు. ఆవిడ భర్త రాధాకృష్ణ, ద్వారకానాథ్ ఒకే ఏడాది ఈ ఊళ్లో దిగారు, ఒకే కారులో తిరిగారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆవిడ ప్రాక్టీసు మానేసినా ప్రతి నెలా మొదటి ఆదివారం గుళ్లో ఒక బల్ల వేసుకుని వచ్చినవాళ్లందరికీ బీపీ చూసేది. ఉండేది మాత్రం ఊరికి నలభై నిమిషాల దూరంలో, కొండల్లో. అయిదెకరాల స్థలం, ఓ వంద ఆలివ్ చెట్లు, పాత రాతి ఇల్లు. కొడుకు హేమచంద్ర సిడ్నీలో, గిరావీన్‌లో ఉంటాడు, ఫైనాన్స్‌లో పెద్ద ఉద్యోగం. రమ్మంటే వెళ్లదు. "నా చెట్లకి నీళ్లెవరు పడతార్రా, నీ ఎక్సెల్ షీటా?" అనేది.

కిందటేడు చలికాలం వెళ్లగానే, అంటే ఇక్కడి లెక్కలో ఆగస్టు ఆఖరికి, ఆవిడ ద్వారకానాథ్‌కి ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, పోయిన ఎండాకాలం మంటలొచ్చినప్పుడు కరెంటు పోయింది, మొబైల్ టవర్ కూడా పోయింది. ఏం జరుగుతోందో తెలీక పిచ్చెక్కిపోయింది. మీ స్కానర్‌లాంటిది నాకొకటి ఇప్పించండి. కింద వాగు రోడ్డు ఉంది చూశారా, మంట అది దాటిందని రేడియోలో వినగానే కారెక్కి వచ్చేస్తాను. అదీ నా ప్లాను." ఆ ప్లాను రాసి ఫ్రిజ్ మీద అంటించుకుంది కూడా. అంత పద్ధతి గల మనిషి.

ద్వారకానాథ్‌కి ఏనుగెక్కినంత సంబరం. ఫైర్ వాళ్ల మాటలు వినిపించే స్కానర్ ఏరి తెప్పించారు. కొత్తరకం సెల్లు నాలుగు తెప్పించి ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు వరకూ నంబర్లు వేశారు. ఎందుకైనా మంచిది, షాపులో దొరికే మామూలు సెల్లు ఒక పెద్ద ప్యాకెట్ కొని ఇంట్లో పడేసుకోనా అని అడిగింది ఆవిడ. "అవెందుకమ్మా, చెత్త పోగవడానికా? నేను లేనూ?" అన్నారు ఈయన. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో, గుర్తొచ్చినప్పుడల్లా చెంపలు వాయించుకోవాలనిపించింది.

ఈలోపు దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు కళావతి ఇంట్లో ఉన్న ఇనప ముక్కకల్లా బొట్టు పెట్టింది. కారుకీ, లాప్‌టాప్‌కీ, మిక్సీకీ, ఛార్జర్‌కీ. కొత్త సెల్లు కూడా తమలపాకు మీద పెట్టి అమ్మవారి ముందుంచింది. ఆ తర్వాత వారం శ్యామసుందరి గారు రేడియో తీసుకెళ్లడానికి వచ్చింది. చూస్తే ఆ రోజు శుక్రవారం.

"ఏవండీ, శుక్రవారం పూటా పూజలో పెట్టిన వస్తువు గడప దాటించకండి" అంది కళావతి లోపలికి పిలిచి, గొంతు తగ్గించి. "రేడియో అంటే ఆవిడ కోసం తెచ్చిందే, పూజలో పెట్టలేదు. ఆ సెల్లు మాత్రం వద్దు. సోమవారం ఇచ్చుకోండి."

ఆయనకి ఈ పట్టింపులు లేవు. కానీ భార్య మాట కాదంటే ఆ సాయంత్రమంతా రాద్ధాంతం. వచ్చిన మనిషి హాల్లో కూర్చుని ఉంది, మళ్లీ నలభై నిమిషాలు కొండెక్కాలి. గ్యారేజీలోకి వెళ్లి డ్రాయర్ లాగారు. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. అందులో పదకొండో నంబరు సంగతి ఆయనకి తెలుసు. సెప్టెంబర్లోనే నోటుబుక్కులో రాశారు, సగం కూడా పట్టుకోవడం లేదు, పనికిరాదు అని. మూడు రోజులకేగా, సోమవారం నేనే వెళ్లి మార్చేస్తాను అనుకున్నారు. స్కానర్లో అవే వేశారు. హాల్లోకొచ్చి, "అన్నీ సెట్ చేశానమ్మా, రోజూ సాయంత్రం ఛార్జర్లో పెట్టండి, గ్రీన్ లైట్ వెలిగితే ఫుల్లన్నమాట" అన్నారు. అది నోరా తాటిమట్టా! బార్బీల్లో ఊరందరికీ చెప్పిందేమిటి, ఆవిడకి చెప్పిందేమిటి?

ఇవి తాత్కాలికం, సోమవారం మంచివి తెస్తాను అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథే లేదు. చెప్పడానికి నామోషీ వేసింది. బ్యాటరీ అంకుల్ పాత సెల్లు అంటగట్టాడంటే ఏం బాగుంటుంది!

సోమవారం రానే వచ్చింది. ఆ రోజు పెరట్లో కూర్చున్నప్పుడు తన స్కానర్లో సెల్లు అయిపోతే, ఎదురుగా ఉన్నాయి కదా అని ఆ కొత్తవి వేసుకున్నారు. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా గలగలా మాట్లాడింది రేడియో. భలే ఉన్నాయే అనుకున్నారు. ఇంకో రెండ్రోజులు చూద్దాం, టెస్ట్ చేసినట్టూ ఉంటుంది అనుకున్నారు. ఆ రెండ్రోజులూ దీపావళి దాకా సాగాయి, దీపావళి క్రిస్మస్ దాకా సాగింది. మధ్యలో శ్యామసుందరి గారు రెండుసార్లు ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, గంటకే నోరు మూసుకుంటోంది ఇది. సెల్లులో ఏదో తేడా ఉందంటారా?" రెండుసార్లూ ఆయన ఒకటే అడిగారు, గ్రీన్ లైట్ వెలిగిందా అని. వెలిగింది అంది. "అయితే ఫుల్లేనమ్మా, వాల్యూమ్ ఎక్కువ పెట్టుంటారు, కాస్త తగ్గించండి" అన్నారు. ఈ వారం వెళ్లి మార్చాలి అని ఫోన్ పెట్టేశాక అనుకున్నారు.

జనవరి అంటే ఇక్కడ నడి ఎండాకాలం, అందులో ఒక బుధవారం నలభై మూడు డిగ్రీలు కాసింది. మధ్యాహ్నానికి కొండల్లో మంట లేచింది. ద్వారకానాథ్ ఇంట్లో ఏసీ వేసుకుని సోఫాలో కూర్చుని, ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు నంబర్ల సెల్లున్న తన స్కానర్లో అంతా వింటూనే ఉన్నారు. ఆవిడకి తెచ్చినప్పుడే తనకీ అలాంటిదే ఒకటి తెచ్చుకున్నారు మరి. రెండు గంటలప్పుడు రేడియోలో చెప్పారు, మంట వాగు రోడ్డు దాటింది అని. ఆవిడ కూడా ఇది వినే ఉంటుంది, ఈపాటికి బయల్దేరి ఉంటుంది అనుకున్నారు. అనుకుంటూనే పదకొండో నంబరు గుర్తొచ్చింది. ఫోన్ చేశారు. కలవలేదు. మళ్లీ చేశారు. మళ్లీ కలవలేదు.

ఆవిడ వినలేదు. పక్క స్థలం వాడు కెవిన్, ఫైర్ బ్రిగేడ్‌లో వలంటీరు, బండి వేసుకుని వచ్చి చూస్తే ఆవిడ వరండాలో రేడియో ఒళ్లో పెట్టుకుని నింపాదిగా కూర్చుని ఉంది. స్కానర్ పద్ధతే అంత. ఎవరూ మాట్లాడనప్పుడు చప్పుడు చేయదు, చచ్చిపోయినప్పుడూ చప్పుడు చేయదు. మంటలు ఇంకా దూరంగా ఉన్నాయి కాబోలు అనుకుంది ఆవిడ. కెవిన్ రేడియో చేతిలోంచి లాక్కుని చూస్తే స్క్రీన్ నల్లగా ఉంది. ఆవిడ్ని బండిలో పడేసుకుని పొగలోంచి ఎలా తెచ్చాడో వాడికే తెలియాలి. కారు కాలిపోయింది. షెడ్డు కాలిపోయింది. ఆలివ్ చెట్లు సగం పైగా పోయాయి. ఇల్లు మిగిలింది. మనిషి మిగిలింది. అదే పదివేలు అన్నారందరూ.

వారం తర్వాత ఆవిడ రేడియో పట్టుకుని మాసన్ లేక్స్ వచ్చింది. సిడ్నీ నుంచి వచ్చిన హేమచంద్ర కారులో దింపి వెళ్లాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అన్నయ్యగారూ, నేను ముందురోజు సాయంత్రం ఛార్జర్లో పెట్టాననే అనుకుంటున్నాను. పొద్దున తీసి వేశాను. గ్రీన్ లైట్ చూశాను, చూశాననే గుర్తు. కెవిన్ ఏమో నువ్వు ఛార్జ్ చేయడం మర్చిపోయుంటావు అంటున్నాడు. మీరోసారి చూడండి."

ఆయన రేడియో తీసుకుని గ్యారేజీలోకి వెళ్లారు. చూడక్కర్లేదు, అయినా చూశారు. పదకొండో నంబరు ఎప్పుడో కాడి పడేసి ఉంది. బయటికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యాలి అనుకున్నారు. నిజంగానే అనుకున్నారు. హాల్లో కళావతి ఆవిడకి కాఫీ ఇస్తూ, "మా వారు చూస్తారుగా వదినా, ఆయనకి తెలీని బ్యాటరీ లేదు" అనడం వినబడింది. అంతే. నాలుగు పాత సెల్లూ తీసి డ్రాయర్లో వేశారు. తన స్కానర్లోంచి నాలుగు కొత్తవీ తీసి ఆవిడ దాంట్లో వేశారు. ముఖం తుడుచుకుని హాల్లోకి వచ్చారు.

"సెల్లు బాగానే ఉన్నాయమ్మా. గోడ దగ్గర స్విచ్ వేయడం మర్చిపోయుంటారు."

"మరి గ్రీన్ లైట్?"

"అంతకు ముందు రోజుది గుర్తుండి ఉంటుంది."

ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టింది. "నేను మీకు ఫోన్ కూడా చేశానే. త్వరగా అయిపోతున్నాయని. చేశాను కదూ?"

"ఏమోనమ్మా" అన్నారు ద్వారకానాథ్. "నాకు గుర్తులేదు."

ఆ మాట ఎందుకన్నారో ఆయనకే తెలీదు. నోట్లోంచి జారిపోయింది. ఆవిడ తలూపింది. డాక్టరు కదా, ఒక రోగి చెప్పిన లక్షణాలు విన్నట్టు శ్రద్ధగా తలూపింది.

అప్పట్నుంచి ఆయనకి అన్నం సయించలేదు. దొంగకి తేలు కుట్టినట్టు పైకి అరవడానికి లేదు. మొదట్లో తనకి తానే నచ్చజెప్పుకున్నారు. మనిషి క్షేమంగా ఉంది కదా, ఒక చిన్న మతిమరుపు అంటగడితే ఏం పోయింది, ఈ వయసులో ఎవరికి లేదు మరుపు అని. కానీ ఏం పోయిందో నెలనెలా తెలుస్తూ వచ్చింది. ఫిబ్రవరిలో హేమచంద్ర ఫోన్ చేశాడు. "అంకుల్, అమ్మ విషయంలో ఐయామ్ వెరీ వర్రీడ్. ఛార్జ్ చేయలేదు సరే, మీకు కాల్ చేశానని కూడా ఇమాజిన్ చేసుకుంటోంది. మెమరీ క్లినిక్‌కి తీసుకెళ్తున్నాను." ఆయన "మంచిది నాయనా" అన్నారు. ఫోన్ పెట్టేసి బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నారు.

క్లినిక్‌లో అంకెలు వెనక్కి లెక్కపెట్టమంటే, అయిదు మాటలు గుర్తుపెట్టుకోమంటే, ఆవిడ తడబడిందట. వణుకుతూ కూర్చున్న మనిషి తడబడక ఏం చేస్తుంది? ఇప్పుడే ఏమీ చెప్పలేం, ఆరు నెలలాగి రండి అన్నారట. కొడుక్కి ఆ మాట చాలింది. ఒంటరిగా కొండల్లో ఉంచేది లేదు, స్థలం అమ్మేసి సిడ్నీ రావాల్సిందే అన్నాడు. ఎన్నేళ్లనుంచో రానని భీష్మించుకున్న మనిషి ఈసారి మారు మాట్లాడలేదట. నా బుర్ర మీద నాకే నమ్మకం లేనప్పుడు ఇంకేం వాదించను అందట. ఇదంతా కళావతికి ఫోన్లో చెప్పింది. కళావతి ఆయనకి చెప్పి కళ్లొత్తుకుంది. ఆయన పేపరు చదువుతున్నట్టు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అది మొన్నటి పేపరు.

ఏప్రిల్ మొదటి ఆదివారం గుడికి వెళ్తే బీపీ బల్ల లేదు. అనన్య అని గుడి పనులు చూసే అమ్మాయి ఉంటే, డాక్టరమ్మ రాలేదా అని అడిగారు.

"ఆంటీ మానేశారు అంకుల్. ఎవరికైనా బీపీ రాంగ్‌గా చెప్పేస్తానేమోనని భయంగా ఉందన్నారు. మెషీన్ కూడా గుడికే ఇచ్చేశారు." అని, కాస్త ఆగి, "వచ్చే నెల ఎమర్జెన్సీ కిట్ మీద మీ టాక్ పెడదామనుకుంటున్నాం. ఆంటీ కేస్ ఎగ్జాంపుల్‌గా చెప్తే అందరికీ బాగా ఎక్కుతుంది కదా" అంది.

ఆయన ప్రసాదం దొన్నె అక్కడే బెంచీ మీద పెట్టేసి ఇంటికొచ్చేశారు. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని కళావతికి మొత్తం చెప్పారు. శుక్రవారం దగ్గర్నుంచి, రెండు ఫోన్లు, గ్యారేజీలో మార్చడం, గుర్తులేదనడం, ఒక్కటీ దాచలేదు. చెప్తూ ఏడ్చారు. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వచ్చేదాకా ఇద్దరికీ తెలివిలేదు.

"తిలా పాపం తలా పిడికెడు అంటారు" అంది చివరికి. "శుక్రవారం అన్న పిడికెడు నాది. తీసుకుంటాను. మిగతా బస్తా అంతా మీదే. ఫోన్ చేసినావిడ్ని పట్టుకుని చేయలేదంటారా? ఛీ! ఇన్నాళ్లు ఎలా తిన్నారండీ అన్నం?"

"తినలేదే" అన్నారాయన.

"లేవండి. వెళ్లి చెప్పండి. నేను రాను. నేనొస్తే నా వెనకాల దాక్కుంటారు."

శనివారం పొద్దున బయల్దేరారు. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లెవేసుకున్నారు. కొండలోకి తిరిగాక రోడ్డుకి రెండు పక్కలా మొదళ్లు నల్లగా బొగ్గయిన చెట్లు, వాటికే మళ్లీ మొదలంటా చిగుళ్లు. వెనక్కి తిరిగి వెళ్లిపోదామని రెండు చోట్ల కారాపారు. రెండుసార్లూ మళ్లీ పోనిచ్చారు.

ఇంటి ముందు హేమచంద్ర అట్టపెట్టెలకి టేపు వేస్తున్నాడు. "ఓ, అంకుల్! థ్యాంక్స్ ఫర్ కమింగ్. అమ్మ లోపలుంది" అన్నాడు. శ్యామసుందరి గారు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. పెట్టెల్లో ఏ సామాను ఏ పెట్టెలో పెడుతున్నదీ పెన్నుతో చిట్టీల మీద రాసుకుంటోంది. రాసి, మళ్లీ పెట్టె తెరిచి, చిట్టీలో ఉన్నది లోపల ఉందో లేదో చూసుకుంటోంది.

ద్వారకానాథ్ కూర్చోలేదు. జేబులోంచి నాలుగు సెల్లూ తీసి బల్ల మీద పెట్టారు. నోటుబుక్కు పదకొండో నంబరు పేజీ తెరిచి ఆవిడ ముందుకి తోశారు.

"నేను మీకిచ్చింది ఇవమ్మా" అన్నారు. వల్లెవేసుకున్నదంతా ఎగిరిపోయింది. "కొత్తవి కావు. ఈ పదకొండోది అప్పటికే చచ్చింది. నాకు తెలుసు. మీరు రేడియో పట్టుకొచ్చిన రోజు నేనే లోపల మార్చేశాను. మీరు ఛార్జ్ చేశారమ్మా. రోజూ చేశారు. నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. నాకు బాగా గుర్తుంది. అప్పుడూ గుర్తుంది."

హేమచంద్ర గుమ్మంలో టేపు పట్టుకుని నిలబడ్డాడు. వాడికి మాట్లాడే తెలుగు అంతా అర్థమవుతుంది. వచ్చి నోటుబుక్కు తీసుకుని, తెలుగు చదవడం రాకపోయినా తారీఖు చూశాడు.

"సెప్టెంబర్" అన్నాడు. "యూ న్యూ. సెప్టెంబర్‌లోనే మీకు తెలుసు."

"అవును నాయనా."

"అంకుల్, మూడు నెలలుగా నేను మా అమ్మకి మెమరీ పోతోందని చెప్తున్నాను. షీ కెప్ట్ సేయింగ్, ఫోన్ చేశాన్రా, చేశాన్రా అని. ఐ టోల్డ్ హర్ టు స్టాప్ ఇట్. మై ఓన్ మదర్." టేపు బల్ల మీద పడేశాడు. "ఈ ప్లేస్ కాంట్రాక్ట్ మంగళవారం సైన్ చేసేశాం. ఇట్స్ గాన్. డు యూ అండర్‌స్టాండ్?"

నోటుబుక్కు బల్ల మీద విసిరికొట్టి బయటికి వెళ్లిపోయాడు. వరండా మెట్ల మీద కూలబడి తల పట్టుకోవడం కిటికీలోంచి కనబడింది.

ద్వారకానాథ్ ఆవిడ వైపు తిరిగారు. తిట్టండమ్మా అన్నారు. కొట్టినా పడతానన్నారు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆవిడ తిట్టలేదు. పదకొండో నంబరు సెల్ చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పైకి తోసి అటూ ఇటూ తిప్పి చూసింది. కింద పెట్టింది.

"రెండుసార్లే కదా నేను ఫోన్ చేసింది?"

"రెండుసార్లేనమ్మా."

"ఒకసారి దీపావళి ముందు. ఇంకోసారి మా చెట్లకి మందు కొట్టించిన రోజు."

"అవునమ్మా."

ఆవిడ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. తుడుచుకోలేదు. చిట్టీల కట్టలోంచి ఒక తెల్లకాగితం లాగి, పెన్నుతో సహా ఆయన ముందు పెట్టింది.

"రాయండి. ఇప్పుడు చెప్పిందంతా. తెలుగులోనే రాయండి."

ఆయన కూర్చుని రాశారు. మీరు బ్యాటరీలు ఛార్జ్ చేశారు. నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. ఒక సెల్ పాడైందని నాకు ముందే తెలుసు. తెలిసీ, మర్చిపోయింది మీరేనని మీతో చెప్పాను. కింద సంతకం పెట్టారు. తారీఖు కూడా వేయమంది ఆవిడ. వేశారు.

ఆవిడ కాగితం తీసుకుని పెదాలు కదుపుతూ ఒకసారి చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది.

"హేమచంద్రకి చూపించడానికా అమ్మా?" అన్నారు ద్వారకానాథ్. "వాడు విన్నాడు కదా."

"వాడికి కాదు, నాకే" అంది ఆవిడ. "రేపు పొద్దున లేచాక, మీరు నిజంగా వచ్చారా, ఇదంతా నిజంగా చెప్పారా అని నాకు అనుమానం వస్తుంది అన్నయ్యగారూ. అప్పుడు తీసి చూసుకోవాలి."